ఎలక్ట్రాన్ ఎవరి మాటా వినదు

మనం చూసినప్పుడే ఎలక్ట్రాన్ ఉంటుందట, చూడకపోతే ఉండదట. క్వాంటమ్ ఫిజిక్స్ నిరూపించేసిందట. కాబట్టి మన ఆలోచనే వాస్తవమట, ఒంట్లోని ప్రతి పరమాణువూ మన సంకల్పానికి లోబడి ఉంటుందట. ఫంక్షన్ హాళ్లలో, యూట్యూబ్‌లో, వాట్సాప్ ఫార్వర్డుల్లో ఇప్పుడు విచ్చలవిడిగా తిరుగుతున్న ప్రచారం ఇది. వినడానికి వేదాంతంలా ఉంటుంది. చివరికి మాత్రం ఒక లాకెట్ అమ్మకంతోనో, హీలింగ్ కోర్సు ఫీజుతోనో ముగుస్తుంది.

అక్కడితో ఆగినా డబ్బు పోయిందని సరిపెట్టుకోవచ్చు. మా వీధిలో ఒక పెద్దావిడ అలాంటి నల్లటి గుండ్రటి లాకెట్ మెడలో వేసుకుని, రోజూ పొద్దున్నే దాని మీద నీళ్ల గ్లాసు కాసేపు ఉంచి తాగడం మొదలుపెట్టారు. ‘ఫ్రీక్వెన్సీ’ ఎక్కిన నీళ్లు తాగుతుంటే ఇక షుగర్ మాత్రలతో పని లేదని ఎవరో చెప్పారు, ఆవిడ నమ్మి మానేశారు. పాదం మీద పుండు ఎంతకీ మానకపోతే గానీ ఇంట్లోవాళ్లకు సంగతి తెలియలేదు. ఆస్పత్రిలో చేర్చేసరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. ఇంత నష్టం చేసే అబద్ధాన్ని ‘ఎవరి నమ్మకం వారిది’ అని వదిలేయడం నాకు చేతకాదు.

ఈ అబద్ధాన్ని తేల్చడానికి హైడ్రోజన్ పరమాణువు చాలు. ఒక ప్రోటాన్, ఒక ఎలక్ట్రాన్, అంతే. 1926లో ష్రోడింగర్ తన సమీకరణాన్ని మొదట ప్రయోగించింది దీని మీదే. క్వాంటమ్ పేరుతో ఎవరు ఏం చెప్పినా ముందు ఇక్కడ నిలబడాలి.

మొదటి తిరకాసు ‘అనిశ్చితి’ దగ్గర. 1927లో హైజెన్‌బర్గ్ చెప్పిన నియమానికి ‘ఏదైనా జరగవచ్చు’ అని అర్థం చెబుతున్నారు. అది శుద్ధ తప్పు. ఎలక్ట్రాన్ స్థానం, ద్రవ్యవేగం రెండూ ఒకేసారి కచ్చితంగా ఉండవని మాత్రమే ఆ నియమం అంటుంది. కనిష్ఠ స్థాయిలో ఉన్న హైడ్రోజన్ శక్తి మాత్రం కచ్చితమే, మైనస్ 13.6 ఎలక్ట్రాన్ వోల్టులు (పరమాణువుల శక్తికి వాడే కొలమానం ఇది). గుంటూరులోనైనా, గెలాక్సీ అవతలి అంచులోనైనా అంతే. ఎలక్ట్రాన్ ఎక్కడ దొరుకుతుందన్నది సంభావ్యతే, నిజమే. కానీ ఆ సంభావ్యతలను లెక్క నిర్ణయిస్తుంది, వాటిలో ఎవరి ఇష్టానికీ చోటు లేదు.

ఇంకా లోతుకు వెళ్తే, వాళ్లు లొసుగుగా చూపించే అనిశ్చితే అసలు పరమాణువును నిలబెడుతోంది. పాత భౌతికశాస్త్రం ప్రకారం తిరిగే ఎలక్ట్రాన్ శక్తిని వెదజల్లుకుంటూ సెకనులో పదివేల కోట్లవ వంతుకు కాస్త అటూ ఇటూగా కేంద్రకంలో పడిపోవాలి. పడదు. ఎలక్ట్రాన్‌ను ఇరుకు చోట బంధించే కొద్దీ దాని ద్రవ్యవేగంలో అనిశ్చితి పెరుగుతుంది, దాంతో గతిజశక్తి పెరుగుతుంది. ప్రోటాన్ ఆకర్షణ వల్ల కలిసొచ్చే శక్తి కన్నా ఈ పెరుగుదలే ఒక దశలో ఎక్కువైపోతుంది. ఆ రెండూ సరితూగే దూరం 0.53 ఆంగ్‌స్ట్రామ్‌లు. పరమాణువుకు ఒక నిర్ణీత పరిమాణం ఉందంటే, అది కుప్పకూలడం లేదంటే, ఈ నియమం చలవే.

ఇక ‘చూడటం’ సంగతి. భౌతికశాస్త్రంలో పరిశీలన అంటే కాంతితోనో, పరికరంతోనో జరిగే తాకిడి. కొలత వల్ల ఎలక్ట్రాన్ స్థితి మారుతుంది, కాదనను. కొలత అంటే ఏమిటన్న దానిపై శాస్త్రవేత్తల మధ్య చర్చ ఇంకా నడుస్తోంది కూడా. కానీ కోరుకున్న ఫలితాన్ని రప్పించుకోవచ్చని ఆ సిద్ధాంతం ఎక్కడా చెప్పదు. గదిలో మనిషి ఉన్నా లేకపోయినా పరికరం నమోదు చేసేది నమోదు చేస్తుంది.

మన గుంటూరే దీనికి సాక్ష్యం. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని చూడటానికి ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రవేత్త అక్కడికి వచ్చాడు. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల కాంతిని వర్ణపటంగా విడదీస్తే, ఎలక్ట్రాన్ పైస్థాయి నుంచి కిందికి దిగినప్పుడు పుట్టే హైడ్రోజన్ గీతలు మెరుస్తూ కనిపించాయి. అప్పటికి ఎలక్ట్రాన్ అనేది ఒకటుందని ప్రపంచంలో ఎవరికీ తెలియదు, 1897 దాకా తెలియలేదు. ఎవరి ఊహలోనూ లేని ఎలక్ట్రాన్ ఆ గీతలను ఎలా గీసింది? ఇవాళ డిగ్రీ కాలేజీ ల్యాబులో గులాబీ రంగులో వెలిగే హైడ్రోజన్ ట్యూబు ముందు స్పెక్ట్రోమీటర్ పెట్టి టెలిస్కోపు తిప్పండి. గ్రేటింగ్ వాడితే ముందు ఊదా గీత, తర్వాత నీలి ఆకుపచ్చ, చివరికి ఎర్రగీత క్రాస్‌వైర్ మీదికి వస్తాయి. ఆ ఎర్రగీత 656.3 నానోమీటర్లు. పాజిటివ్‌గా ఆలోచించే కుర్రాడికీ, పరీక్ష భయంతో వణికే కుర్రాడికీ ఒకే చోట కనిపిస్తుంది.

ఎంత కచ్చితం అంటారా? జర్మనీలోని గార్చింగ్‌లో హైడ్రోజన్ మొదటి స్థాయి నుంచి రెండో స్థాయికి వెళ్లే పౌనఃపున్యాన్ని కొలిచి 2011లో ప్రకటించారు. అది దాదాపు 2466 లక్షల కోట్ల హెర్ట్జ్‌లు. అందులో సందేహం ఓ పది హెర్ట్జ్‌లే. ‘అంతా అనిశ్చితం’ అనేవాళ్లు ఈ అంకె ముందు నిలబడి మాట్లాడాలి.

ఈ హీలింగ్ వాళ్లు చెప్పే, ఒంట్లో ‘పరమాణువులను పైస్థాయికి లేపడం’ కూడా ఇలాంటి అబద్ధమే. హైడ్రోజన్‌ను మొదటి మెట్టు ఎక్కించాలంటే 10.2 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. శరీర ఉష్ణోగ్రత దగ్గర సగటున అందుబాటులో ఉండేది 0.05 లోపు. పైగా ఒంట్లో హైడ్రోజన్ విడిగా ఉండదు. నీటిలో, కొవ్వులో, ప్రోటీన్లలో బంధాలతో ఉంటుంది. షుగర్ జబ్బు ఇన్సులిన్‌తో, కణాలతో ముడిపడిన వ్యవహారం. అక్కడ పనిచేసేది మందు.

పుస్తకాల్లో సూర్యుడి చుట్టూ గ్రహంలా ఎలక్ట్రాన్ తిరిగే బొమ్మ మీద నాకు కోపమే. కనిష్ఠ స్థాయిలో ఎలక్ట్రాన్ కక్ష్యా కోణీయ ద్రవ్యవేగం సున్నా, ఇక తిరగడమేమిటి? అయినా ఒప్పుకోక తప్పదు, 1913లో బోర్ ఆ బొమ్మతోనే హైడ్రోజన్ శక్తి స్థాయిలను సరిగ్గా రాబట్టాడు, ఇంటర్ పిల్లలు వేసే ఆ లెక్క ఇప్పటికీ చెల్లుతుంది. బొమ్మను మాత్రం నమ్మకండి.

పరమాణువంతా ఖాళీయే కనుక ప్రపంచం మాయ అంటారు. ఆ చోటంతా ఎలక్ట్రాన్ తరంగమే ఆక్రమించి ఉంది, గోడను తలతో ఢీకొంటే తలే పగులుతుంది. ఎలక్ట్రాన్ పొగమంచులా ముక్కలై పరుచుకుందనేదీ తప్పే, పట్టుకున్న ప్రతిసారీ మొత్తం ఎలక్ట్రాన్ దొరుకుతుంది.

లాకెట్ల విషయంలో ఇంకో మాట. 2021 డిసెంబరులో నెదర్లాండ్స్ అణు భద్రతా సంస్థ ఇలా అమ్ముతున్న పది వస్తువుల్లో రేడియోధార్మికత ఉందని తేల్చి, వాడొద్దని హెచ్చరించింది. వాటిలో ‘క్వాంటమ్’ పేరు పెట్టుకున్న లాకెట్ కూడా ఉంది. రక్షణ అని కొన్నది మెడలో నుంచి రాత్రింబవళ్లు వికిరణం వెదజల్లుతుంటే అంతకన్నా అన్యాయం ఏముంది?

క్వాంటమ్ పేరుతో ఎవరైనా ఏదైనా అమ్మడానికి వస్తే మూడు ప్రశ్నలు వేయండి. ఏ శక్తి, ఎన్ని ఎలక్ట్రాన్ వోల్టులు, ఏ పరికరంతో కొలిచారు? జవాబులో అంకె లేకపోతే డబ్బు తీయకండి. ఫిజిక్స్ చెప్పే మాస్టార్లు బోర్డు మీద వృత్తాలు గీసే ముందు ఒక్కసారి ఆ ఎర్రగీత పిల్లలకు చూపించండి. ఈ ప్రచారం విని మీ ఇంట్లో అమ్మో, మామయ్యో బీపీ, షుగర్, థైరాయిడ్ మాత్రలు మానేసి ఉంటే వాదనలు తర్వాత పెట్టుకోవచ్చు. ఇవాళే వాళ్లను డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.