రోబోల సాఫ్ట్‌వేర్‌కూ ఒక నీరటి కావాలి

చెరువు ఊరందరిదీ. అయినా తూము చూసే నీరటి లేకపోతే చివరి మడికి నీరందదు. అందరూ ఉచితంగా వాడుకునే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ సంగతీ అంతే.

రోబో ఆపరేటింగ్ సిస్టమ్‌నే చూద్దాం. ‘రాస్’ అని పిలిచే ఇది అమెరికాలోని కాలిఫోర్నియాలో 2007లో మొదలైంది. కెమెరా, చక్రాలు, చేయి వంటి భాగాల మధ్య సమాచారం చేరవేసే ప్యాకేజీల సముదాయమిది. ప్రతి ప్యాకేజీ వివరాల ఫైలులో నిర్వాహకుని పేరు, ఈమెయిలు తప్పక రాయాలి. ఎవరైనా మార్పు పంపితే చదివి, పరీక్షించి కలపడం, లేదా కారణం చెప్పి తిప్పి పంపడం ఆ నిర్వాహకుని బాధ్యత. ఒకరి దగ్గర చక్కగా నడిచిన మార్పు మరొకరి రోబోను గోడకు గుద్దించవచ్చు. అలాగని జవాబే ఇవ్వకపోతే పంపినవారు మళ్లీ రారు. నిర్వాహకుడు అలసి తప్పుకుంటే ప్యాకేజీ అనాథ అవుతుంది.

పాత రాస్ చివరి విడుదల ‘నోయెటిక్’కు 2025 మే నెలతో మద్దతు ముగిసింది. రాస్ 2కు మార్చే దిక్కులేని ప్యాకేజీలు అక్కడే ఆగిపోయాయి.

మిత్రులారా! ఇందులో చేరడానికి సీటు, ఫీజు అక్కర్లేదు. రోబో కూడా కొననక్కర్లేదు. మేము వాడుక వివరణలో రెండు వాక్యాలు దిద్ది మొదలుపెట్టాం. “మీరు నడిపి చూశారా?” అని నిర్వాహకుడు అడిగాడు. చూడలేదు. ఆ రాత్రే కూర్చుని నడిపి చూశాం. మాకు అదే మొదటి పాఠం.