అల్తమిరా గుహ: ఒక పండితుని పశ్చాత్తాపము

పురాతత్త్వ పరిశోధనమనగా మట్టిని త్రవ్వుటయే యని పలువురు తలచుదురు. మట్టిని త్రవ్వుటకంటె, మనస్సులో పేరుకొనిన అభిప్రాయములను త్రవ్వి పారవేయుట కష్టమని ఆ శాస్త్రచరిత్రమే చాటుచున్నది. స్పెయిన్ దేశమందలి అల్తమిరా గుహ ఇందుకు నిదర్శనము.

ఆ దేశపు ఉత్తర తీరమున, శాంతాందేర్ నగరమునకు పడమట ఈ గుహ కలదు. 1868లో ఒక వేటగాడు దీని ద్వారమును కనుగొనెను. ఆ ప్రాంతపు భూస్వామియు ప్రకృతిశాస్త్రాభిమానియు నగు మార్సెలీనో సాన్స్ దె సౌతువోలా 1878లో పారిస్ ప్రదర్శనమున ఆదిమానవుల రాతి పనిముట్లను, చెక్కడపు ఎముకలను చూచెను. ఆ ఉత్సాహముతో మరుసటి యేడు ఈ గుహలో త్రవ్వకము సాగించెను. ఆయన చూపంతయు నేలమీదనే యుండెను. వెంట వచ్చిన ఎనిమిదేండ్ల కుమార్తె మరియా మాత్రము తలయెత్తి పైకప్పును చూచి, అచ్చట ఎద్దులున్నవని తండ్రిని పిలిచెను.

అవి ఎద్దులు కావు. ఆ దేశమున ఏనాడో అంతరించిన బైసన్ అను అడవిదున్నలు. ఎఱ్ఱమట్టితోను, బొగ్గుతోను ఎవరో వానిని చిత్రించిరి. కొన్ని నిలిచియున్నవి, కొన్ని కాళ్లు ముడుచుకొని యున్నవి. రాయి ఉబికిన చోట ఆ ఉబుకునే దున్న దేహముగా మలచుకొనిన చిత్రకారుని నేర్పు ఆశ్చర్యకరము.

నేలలో దొరికిన పనిముట్లును, కప్పుమీది చిత్రములును ఒకే యుగమునకు చెందినవని సౌతువోలా 1880లో ఒక చిన్న పుస్తకమున సూచించెను. మాద్రిద్ ఆచార్యుడు హువాన్ విలనోవా ఆయనను సమర్థించెను. కాని యూరప్ పండితులు అంగీకరింపలేదు. ఫ్రాన్సు దేశీయుడగు ఎమిల్ కార్తయాక్ వారిలో ముఖ్యుడు. రంగులు నిన్న పూసినట్లున్నవనియు, చీకటిలో దీపము లేక వ్రాయుట అసాధ్యమనియు, దీపమున్నచో మసి యేదనియు వారు ప్రశ్నించిరి. నిజమునకు ఎముకల మూలుగుతో వెలిగించిన దీపమునకు మసి మిక్కిలి తక్కువ. వారి నిరాకరణమునకు అసలు కారణము వేరు. రాతి పనిముట్ల నాటి మనుజుడు మోటువాడనియు, ఇంతటి కళ అతనికి అలవడదనియు వారు ముందే నిశ్చయించుకొనిరి. సౌతువోలాయే ఒక చిత్రకారునిచే ఈ బొమ్మలను వ్రాయించెనని అనుమానించినవారును కలరు. ఆ నింద తొలగకమునుపే 1888లో ఆయన మరణించెను.

సత్యము మట్టిపొరలనుండియే వెలువడినది. 1895లో ఫ్రాన్సునందలి లా మూత్ గుహలో, ప్రాచీనపు మట్టి మేటలు మూసివేసిన మార్గమునకు ఆవల చిత్రములు కనబడెను. 1896లో పేర్ నోన్ పేర్ గుహలో కొన్ని చెక్కడములు ఆదిమానవుల పనిముట్లున్న పొరలచే కప్పబడి కానవచ్చెను. పొర క్రింద నున్నది పొరకంటె పూర్వపుది గదా! 1901లో కోంబారెల్, ఫోన్ ద గోమ్ గుహలు బయల్పడిన పిమ్మట సందేహమునకు తావు లేకపోయెను.

అప్పుడు కార్తయాక్ మౌనము వహింపలేదు. 1902లో “ఒక సంశయవాది అపరాధాంగీకారము” అను అర్థమిచ్చు శీర్షికతో వ్యాసము ప్రకటించి, తన పొరపాటును లోకమెదుట ఒప్పుకొనెను. ఆ యేడే యువకుడగు హెన్రీ బ్రెయ్‌తో అల్తమిరాకు పోయి ఆ చిత్రములను అధ్యయనము చేసెను. ఇరువురును కలిసి రచించిన గ్రంథము 1906లో వెలువడినది. నేటి పరీక్షలను బట్టి ఆ దున్నలు 14,000 ఏండ్లకు పైబడినవి; గుహలోని ఒక ఎఱ్ఱని గుర్తు 35,000 ఏండ్లకు మించినదని 2012లో తేలినది.

ఇట్టి ఉపేక్ష మన దేశమునను జరిగినది. మరియా కంటె పది సంవత్సరములకు పైగా ముందే, 1867–68లో, ఆర్చిబాల్డ్ కార్లైల్ వింధ్య పర్వతములలో మీర్జాపురపు రాతి చిత్రములను చూచి, అవి అతిప్రాచీనములని తలచెను. లోకము నాడు వానిని పట్టించుకొనలేదు.

ఈ కథలో విద్యార్థి నేర్వదగినది మరియా చూపు: పెద్దలు నేలను వెదకుచుండగా ఆమె తలయెత్తెను. ఉపాధ్యాయుడు నేర్వదగినది కార్తయాక్ ధైర్యము: తన మాట తప్పని తెలిసిననాడు దానిని తన నోటనే చెప్పెను. అయితే ఆ క్షమాపణను వినవలసినవాడు అప్పటికి పదునాలుగేండ్ల క్రిందటనే గతించెను. న్యాయము తుదకు గెలిచినను, ఆలస్యమునకు మూల్యము చెల్లించినవాడు ఆయన యొక్కడే.