బంగారం ఇచ్చారు.. ఊళ్లూ ఇచ్చారు

చైనా యుద్ధం ఆగిన ఎనిమిది నెలలకే శ్రీశైలం ఆనకట్టకు పునాదిరాయి పడింది. ఆ యుద్ధం నేర్పిన పాఠాల్లో మనకు ఏది ఒంటబట్టింది? ఏది మిగిలిపోయింది?

పెంట అంటే నల్లమలలో చెంచుల ఆవాసం. ఆ ఆనకట్ట పక్కనున్న సున్నిపెంట మాత్రం చాలామందికి ప్రాజెక్టు కాలనీగానే తెలుసు. ఆనకట్ట కట్టడానికి వచ్చినవాళ్లు కాపురాలు పెట్టిన ఊరిది. పెచ్చులూడిన పాత క్వార్టర్ల గోడల్లో ఇప్పుడు రావి మొక్కలు మొలుస్తున్నాయి.

1963 జులై 24న ప్రధాని నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేసేనాటికి దేశం గాయం ఇంకా పచ్చిగానే ఉంది. 1962 అక్టోబరు 20న మొదలైన చైనా దాడి నవంబరు 21 దాకా సాగింది. నూలు బట్టలు, కాన్వాసు బూట్లు, పాత త్రీనాట్‌త్రీ తుపాకులతో మన జవాన్లు మంచుకొండలెక్కారు. వాళ్ల ధైర్యానికి లోటు లేదు. వెనక నుంచి అందాల్సిన రోడ్డు, బూటు, తూటా అందలేదు. ఇళ్ల దగ్గర ఆడవాళ్లు చేతి బంగారు గాజులు తీసి రక్షణ నిధికి ఇచ్చారు.

గింజ, కరెంటు

చైనా యుద్ధం జరిగిన మూడేళ్లకు పాకిస్థాన్‌తో యుద్ధం. అమెరికా గోధుమల కోసం ఎదురుచూసే రోజులవి. వారానికో పూట పస్తుండమని ప్రధాని శాస్త్రీజీ అడిగితే జనం పొయ్యి వెలిగించలేదు. గాదె నిండని దేశం సరిహద్దులో గట్టిగా నిలబడలేదని అప్పుడు తెలిసొచ్చింది. ఈ పాఠం మనకు బాగానే ఒంటబట్టింది. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొచ్చాయి. శ్రీశైలంలో నేడు కుడిగట్టున 770, ఎడమగట్టున 900 మెగావాట్ల విద్యుత్ కేంద్రాలున్నాయి.

ఒప్పుకునే ధైర్యం

తప్పు ఒప్పుకునే పాఠం మాత్రం సగమే ఒంటబట్టింది. కార్గిల్ యుద్ధంపై సుబ్రహ్మణ్యం కమిటీ ఇచ్చిన నివేదిక 2000లో పార్లమెంటు ముందుకొచ్చింది. 1962 ఓటమిపై హెండర్సన్ బ్రూక్స్ నివేదికను మాత్రం ప్రభుత్వాలు బయటపెట్టలేదు. ఎందుకు ఓడామన్న జవాబు గాజులిచ్చిన తల్లులకు బాకీ ఉంది.

తీరని బాకీ

దేశం కోసమంటే జనం ఊళ్లు కూడా ఇచ్చారు. 1981లో శ్రీశైలం జలాశయం కోసం వందకు పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. దాదాపు లక్షమంది సొంత గడప విడిచారు. ముంపు కుటుంబాలకు ఉద్యోగాలిస్తామంటూ 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. అది అమలు చేయమని వాళ్ల పిల్లలు కూడా ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వచ్చింది.

యుద్ధకాలంలో అడిగినదైనా, ఆనకట్ట కోసం అడిగినదైనా త్యాగం త్యాగమే. ఇచ్చినవాళ్లకు చెప్పిన మాట నిలబెట్టుకుంటేనే రేపు మళ్లీ అడిగే హక్కు దేశానికి ఉంటుంది. ఆ నమ్మకాన్ని ఏ ఆయుధ కర్మాగారమూ తయారుచేయలేదు.

ఎండాకాలం శ్రీశైలం జలాశయంలో నీళ్లు తగ్గితే మునిగిన సంగమేశ్వరం గుడి బయటపడుతుంది. జనం బురద దాటుకుంటూ వెళ్లి దీపం పెడతారు. మళ్లీ వరదొచ్చేదాకా ఆ దీపం ఆరదు. మునిగిన ఊరిని ఊరివాళ్లు మరచిపోలేదు. దేశమూ మరచిపోకూడదు.