పది దాటారు సరే.. ఫస్టియర్ గట్టెక్కేదెలా?

పల్లె బడి నుంచి పట్నం కళాశాలకు.. తొలి మూడు నెలలే కీలకం

అచ్చంపేట: పదో తరగతి ఫలితాలు వెలువడిన రోజున వాడంతా మిఠాయి పంచిన ఇంట్లోనే, దసరా సెలవుల నాటికి ‘మావాడు కాలేజీకి పోనంటున్నాడు’ అన్న మాట వినిపించడం నల్లమల అంచు పల్లెల్లో కొత్త కాదు. బడిలో ముందు వరుసలో కూర్చున్న పిల్లవాడు కళాశాలలో చివరి బల్లకు చేరుతాడు. పలకరిస్తే తల దించుకుంటాడు. రెండు నెలల్లో తెలివితేటలు ఎక్కడికీ పోవు. మారేవి పుస్తకం భాష, పాఠం వేగం, పట్టించుకునే మనిషి. ఈ మూడూ ఒకేసారి మీద పడటమే అసలు చిక్కు. ఆ సంగతి ముందే తెలిసినవారు త్వరగా నిలదొక్కుకుంటారు. తెలియనివారు లోపమంతా తమలోనే ఉందనుకొని వెనుదిరుగుతారు.

ఆనాటి నుంచీ ఉన్నదే

ఈ ఇబ్బంది ఈ తరంతో మొదలైనది కాదు. పూర్వం ఉన్నత పాఠశాల చదువు ముగించినవారు ఏడాది పాటు పీయూసీ చదివి డిగ్రీలో చేరేవారు. తెలుగులో చదువుకొని వచ్చినవారు ఆంగ్ల పాఠాలు అర్థంకాక తల్లడిల్లేవారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1969–70లో పీయూసీ స్థానంలో రెండేళ్ల ఇంటర్మీడియెట్ వచ్చింది. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. బడికి, డిగ్రీకి నడుమ వంతెనగా ఉండవలసిన చదువు ఇది. అయితే ఆ వంతెన ఎక్కేచోటే మెట్టు ఎత్తుగా ఉంది.

ఎదుటి పుట కనిపించదు

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022–23లో ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు మొదలైన ఆంగ్ల మాధ్యమం 2024–25 నాటికి పదో తరగతికి చేరింది. పిల్లలకు ద్విభాషా పుస్తకాలు ఇచ్చారు. ఒక పుటలో ఇంగ్లిష్, ఎదుటి పుటలో అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇంగ్లిష్ వాక్యం అంతుపట్టనప్పుడు చూపు పక్క పుటకు మళ్లుతుంది. విషయం బోధపడుతుంది. ఇంటర్‌లో ఆంగ్ల మాధ్యమానికి ఒక పుస్తకం, తెలుగు మాధ్యమానికి వేరొక పుస్తకం. ఆంగ్ల మాధ్యమంలో చేరినవారికి ఆ ఎదుటి పుట ఉండదు.

ఫలితంగా తెలిసిన పాఠమే తెలియనిదిగా తోస్తుంది. త్వరణం అంటే ఏమిటో చక్కగా చెప్పగల విద్యార్థి ‘యాక్సెలరేషన్’ అనగానే తడుముకుంటాడు. ద్రవ్యవేగం తెలిసినవాడికి ‘మొమెంటమ్’ కొత్తగా వినిపిస్తుంది. మాత్రికలు ‘మాట్రిసెస్’గా, సదిశలు ‘వెక్టర్స్’గా, ప్రమేయాలు ‘ఫంక్షన్స్’గా ఎదురవుతాయి. ఇక్కడ కావలసింది ఆంగ్ల వ్యాకరణ పాండిత్యం కాదు. ఒక్కో సబ్జెక్టులో పదే పదే వచ్చే మాటలను తెలుగు అర్థంతో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే సగం భయం పోతుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ప్రచురించిన పారిభాషిక పదకోశాలు, తెలుగు మాధ్యమ పుస్తకాలు గ్రంథాలయంలో దొరికితే ఆ కరవైన పుట మళ్లీ చేతికొచ్చినట్టే.

పునాది తొమ్మిదిలో ఉంది

పదిలో మంచి మార్కులు వచ్చాయి కదా, భౌతికశాస్త్రం ఎందుకు కొరుకుడు పడడం లేదని చాలామంది తల్లిదండ్రులు అడుగుతుంటారు. పదో తరగతి పాఠాల్లో కాంతి, విద్యుత్తు వంటివి ప్రధానం. ఇంటర్ మొదటి సంవత్సరం ఆరంభమయ్యేది ప్రమాణాలు, చలనం, న్యూటన్ గమన నియమాలతో. వీటికి పునాది తొమ్మిదో తరగతి పుస్తకంలో ఉంది. పది పరీక్షల హడావుడిలో ఆ పుస్తకం ఎప్పుడో అటకెక్కుతుంది. దాన్ని దించి చలనం, గమన నియమాలు, పని–శక్తి పాఠాలు పది రోజులు చదివితే తరగతిలో చెప్పేది అందుతుంది.

గణితంలోనూ ఇంతే. పదిలో త్రికోణమితి సున్నా నుంచి 90 డిగ్రీల కోణాలతో సరిపోతుంది. ఇంటర్‌లో ఏ కోణమైనా రావచ్చు, సూత్రాలు పదుల సంఖ్యలో పెరుగుతాయి. 2025–26లో తెలంగాణ ఫస్టియర్ గణితం 1ఏ, 1బీ అని రెండు పేపర్లు, ఒక్కొక్కటి 75 మార్కులకు. నల్లమలకు ఆవలి వైపున ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం అదే సంవత్సరం నుంచి ఫస్టియర్‌కు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యప్రణాళిక తెచ్చి గణితాన్ని ఒకే పేపరు చేశారు.

మరో మెలిక ఉంది. భౌతికశాస్త్రంలో చలనం పాఠానికే అవకలనం అవసరమవుతుంది. గణిత తరగతిలో ఆ అధ్యాయం వచ్చేసరికి నెలలు గడుస్తాయి. గణితం లేని బైపీసీ విద్యార్థులకు ఇది మరింత భారం. ఇది సిలబస్ అమరికలోని ఎడమే తప్ప విద్యార్థి మందబుద్ధి కాదు. అధ్యాపకుణ్ని అడిగితే అవసరమైన మేరకు రెండు పీరియడ్లలో చెప్పగలరు. అడగకపోవడమే నష్టం.

సీఈసీలో చేరినవారి పరిస్థితి వేరు. వాణిజ్యశాస్త్రం అందరికీ కొత్తదే. డెబిట్, క్రెడిట్ మొదటి రోజు ఎవరికీ తెలియవు. అందరూ ఒకే గీత మీద నిలబడి బయలుదేరుతారు. తొలి నెలలో ఖాతాల నియమాలు పట్టుకుంటే ఏడాదంతా సాఫీగా సాగుతుంది.

పేరు పెట్టి పిలిచేవారు..

పల్లె బడిలో సారుకు పిల్లవాడి పేరే కాదు, తండ్రి పేరు, ఇల్లు, పొలం అన్నీ తెలుసు. రెండు రోజులు రాకపోతే కబురు వస్తుంది. కళాశాలలో అధ్యాపకుడు గంటకో తరగతికి వెళ్లిపోతారు. హాజరు పట్టీలో విద్యార్థి ఒక సంఖ్య. బడి మానేసినంత సులువుగా కళాశాల మానలేమన్నది మాట వరకే. నిజానికి మానినా కొన్నాళ్లదాకా ఇంటికి తెలియదు. బోర్డు నిబంధన ప్రకారం 75 శాతం హాజరు ఉండాలి. అంటే నాలుగు రోజుల్లో ఒక రోజు పోయినా గీత మీదికి వచ్చినట్టే.

నాగర్‌కర్నూల్ జిల్లాలో అమ్రాబాద్, పదర, లింగాల మండలాల పల్లెల నుంచి అచ్చంపేటకు చదువుకోసం వచ్చేవారికి దూరమూ ఒక పరీక్షే. తెల్లవారి సద్ది కట్టుకొని బయలుదేరాలి. బస్సు తప్పితే తొలి పీరియడ్ పోతుంది. పొద్దున్నే గణితం ఉంటే వారానికి రెండుసార్లు తప్పినా పాఠం తెగిపోతుంది. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైన తర్వాత ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు చార్జీ భారం తప్పింది. మగపిల్లలు బస్ పాస్ తీసుకోవాలి. అయితే పాలమూరు నేలలో పని వెతుక్కుంటూ వలస పోయిన తల్లిదండ్రులు ఎందరో. ఇంట్లో అవ్వ, తాత మాత్రమే ఉన్నచోట పొద్దున్నే లేపి పంపేవారే కరవు. అలాంటి పిల్లలకు ప్రభుత్వ వసతిగృహం, గురుకులం, ఇంటర్ వరకు పెంచిన కస్తూర్బా విద్యాలయం మేలైన దారులు.

ఆలస్యమైతే అంతే

ప్రవేశాల గడువును బోర్డు ఏటా పొడిగిస్తూ పోవడం వల్ల జూలై, ఆగస్టులలో చేరేవారూ ఉంటారు. అప్పటికే పునాది పాఠాలు అయిపోతాయి. దసరా, సంక్రాంతి సెలవులు పోగా పరీక్షల వరకు మిగిలే కాలం కొద్దిదే. గ్రూపు నచ్చకపోతే మార్చుకునే వీలు కూడా సాధారణంగా ప్రవేశాల గడువులోపే. పక్కింటి అబ్బాయి ఎంపీసీ తీసుకున్నాడని చేరి, డిసెంబరులో బాధపడితే దారి ఉండదు.

హాస్టల్ గోడల నడుమ

హైదరాబాద్ కార్పొరేట్ కళాశాలల్లో చేర్చిన పిల్లలది మరో కథ. తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు, వారం వారం ర్యాంకులు. ఊళ్లో ప్రథముడైన పిల్లవాడు మొదటి పరీక్షలో వందల ర్యాంకుకు జారితే ఇంటికి చెప్పడానికి జంకుతాడు. భూమి తాకట్టు పెట్టి కట్టిన ఫీజు గుర్తొచ్చి మరింత ముడుచుకుపోతాడు. అన్నం మానడం, నిద్ర పట్టకపోవడం, తరచూ తలనొప్పి, ఫోనులో పొడి మాటలు కనిపిస్తే తల్లిదండ్రులు మార్కుల మాట పక్కనపెట్టి వెంటనే వెళ్లి చూడాలి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

తప్పితే దారి మూసుకుపోదు

ఉత్తీర్ణతకు ప్రతి పేపరులో 35 శాతం మార్కులు కావాలి. మొదటి సంవత్సరంలో ఒకటి రెండు పేపర్లు తప్పినా సెకండియర్‌కు వెళ్లవచ్చు. ఏడాది వృథా కాదు. ఆ వేసవిలోనే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ రాసి గట్టెక్కవచ్చు. ఈ ఒక్క సంగతి తెలియకనే చదువు మానేసి పనికి కుదిరే పిల్లలున్నారు. పెళ్లి మాటలు మొదలయ్యే ఆడపిల్లలున్నారు. ఇంటర్ ఫలితాల రోజున ప్రతి ఇంటికీ ఈ కబురు అందవలసి ఉంది.

ఇవి పాటిస్తే మేలు

* జూన్‌లోనే చేరాలి. మొదటి నెల ఒక్క రోజూ మానకూడదు.
* తొమ్మిదో తరగతి సైన్స్, పదో తరగతి గణితం పుస్తకాలు అమ్మేయకుండా దగ్గర ఉంచుకోవాలి.
* ప్రతి సబ్జెక్టుకు రోజుకు ఐదు మాటలు తెలుగు అర్థంతో రాసుకోవాలి. నెలకు నూటికి పైగా పదాలు సొంతమవుతాయి.
* ఆనాటి పాఠం ఆ రాత్రే ఒకసారి తిరగేయాలి. బస్సు ప్రయాణాన్నీ ఇందుకు వాడుకోవచ్చు.
* ఒకే ఊరి పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిసి చదవాలి. ఒకరికి తెలిసింది మరొకరికి చెబితే ఇద్దరికీ నిలుస్తుంది.
* తల్లిదండ్రులు నెలకోసారి కళాశాలకు వెళ్లి హాజరు అడగాలి. చదువు రాకపోయినా ఈ ప్రశ్న అడగవచ్చు.
* ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులు తమ పాత విద్యార్థులను ఆగస్టులో ఒకసారి ఫోనులో పలకరిస్తే చాలు. ‘సారు ఇంకా గుర్తు పెట్టుకున్నారు’ అన్న ధైర్యం పిల్లవాణ్ని నిలబెడుతుంది.

తడబడిన ప్రతి విద్యార్థికీ ట్యూషన్ అక్కర్లేదు. జూన్ నుంచి దసరా వరకు తోడుగా ఒక మనిషి, పక్కన ఒక తెలుగు పుస్తకం ఉంటే చాలామంది తమంతట తామే నడక నేర్చుకుంటారు. ఆ కొద్ది నెలలు ఇల్లు, బడి, కళాశాల ముగ్గురూ కనిపెట్టి ఉంటే మధ్యలో మానేసేవారి సంఖ్య తప్పక తగ్గుతుంది.