వార్తల్లో పదం: కంట్రోల్ గ్రూప్

కొత్త మందును పరీక్షించేటప్పుడు, పోలిక కోసం ఆ మందు ఇవ్వకుండా ఉంచే రోగుల బృందమే కంట్రోల్ గ్రూప్. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన కొవిడ్ మూలికా మందుకు జనం ఎగబడ్డారు. ఆయన ఇచ్చే మందుల్లో కంటి చుక్కలకు కాకుండా, మరికొన్నింటికి మే 31న రాష్ట్ర ప్రభుత్వం అనుమతించింది. ‘వాడాం, తగ్గింది’ అన్నవారు ఎందరో. కానీ కొవిడ్ సోకినవారిలో ఎక్కువమందికి దానంతటదే తగ్గుతుంది. వాడనివారితో పోల్చందే ఆ మాట రుజువు కాదు. ఏర్పేడులోని ఐసర్ లాంటి పరిశోధన సంస్థలో గాజు పాత్రలో ఆకురసం క్రిమిని చంపినా, అది తొలిమెట్టే.

రోగికి మందు ఆపడం అన్యాయం కాదా? ఆపక్కర్లేదు, మామూలు చికిత్స అందరికీ ఇచ్చి, కొత్తది సగంమందికే కలపొచ్చు. మరి తరతరాల అనుభవం? అది దారి చూపుతుంది. మాచిపత్రి జాతి మొక్క నుంచి మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను కనుగొన్న శాస్త్రవేత్త తూ యూయూకు ప్రాచీన చైనా వైద్యగ్రంథమే దారి చూపింది. 2015 నోబెల్ మాత్రం పరీక్షలకు నిలిచిన మందుకే దక్కింది. మూలికకైనా, మాత్రకైనా కొలబద్ద ఒక్కటే ఉండాలి.