అంబాసిడర్ ఇంజను చప్పుడు

ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎంజీఏ స్పోర్ట్స్ కారుకూ, గోదావరి జిల్లాల్లో పెళ్ళివారినీ రోగులనూ ఎన్నికల నాయకులనూ మోసిన పాత పెట్రోలు అంబాసిడర్‌కూ ఇంజను ఒకే కుదురుది. రెండూ బీఎంసీ బీ సిరీస్‌వే, రెండూ 1489 సీసీలే. ఎంజీఏకు జంట కార్బురేటర్లు, ఎక్కువ కంప్రెషను. అంబాసిడర్‌కు ఒంటి కార్బురేటరు, నింపాది నడక. ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. మిగిలిన బండ్లలో వింత చప్పుడు పుడితే వెతికే దారి మాత్రం ఎంజీఏ దొర వెతికేదే. డీజిల్ అంబాసిడర్ సంగతి వేరు. దాని టకటక పుట్టుకతోనే వచ్చింది.

చప్పుడు ఎలా ఉందన్నది మనిషికో రకంగా వినిపిస్తుంది. ఎప్పుడు వస్తోందన్నదే ఆధారం. పొద్దున్నే స్టార్టు చేయగానే డొక్కుడొక్కుమని, ఇంజను వేడెక్కాక సర్దుకుంటే పిస్టన్ సిలిండరులో వదులై గోడకు కొట్టుకుంటోందని అర్థం. అలాంటి బండి ఇంకా చాలాకాలం తిరుగుతుంది. చల్లగా ఉన్నప్పుడు లేని చప్పుడు ఆయిలు వేడెక్కి పలచబడ్డాక మొదలైతే మాత్రం బేరింగులను అనుమానించాలి.

ఎక్కువసార్లు వినిపించేది పైనుంచి వచ్చే టాపెట్ల చప్పుడు. కామ్‌షాఫ్టు, క్రాంక్‌షాఫ్టు వేగంలో సగమే తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు దగ్గర 400 సార్లే టక్కుమంటుంది. పొడవాటి స్క్రూడ్రైవరు కొనను రాకర్ కవరు మీద ఆనించి, పిడిని చెవికి ఆనించుకుంటే ఎక్కడిదో తెలిసిపోతుంది. ఫ్యానుకూ బెల్టుకూ ఎడంగా నిలబడి వినాలి. వాల్వుకూ రాకరుకూ మధ్య సందు సుమారు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. సర్దడానికి తొమ్మిది లెక్క పనికొస్తుంది: వాల్వులు మొత్తం 8, ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాన్ని, ఆరోది తెరుచుకుంటే మూడోదాన్ని సర్దాలి. రెండు అంకెలూ కలిపితే ఎప్పుడూ 9 రావాలి.

సరిగ్గా సర్దినా టకటక పోకపోతే తప్పు గేజిది కాకపోవచ్చు. ఏళ్ళ తరబడి అరిగిన రాకరు కొనలో చిన్న గుంట పడుతుంది. ఫీలర్ గేజి ఆ గుంట మీద వంతెనలా నిలబడి, లోపలి ఖాళీని కొలవకుండానే సందు సరిగ్గా ఉన్నట్టు చూపిస్తుంది. అప్పుడు రాకర్లనో, వాటి షాఫ్టునో మార్చాల్సిందే.

టాపెట్ల చప్పుడు పోవడంలోనూ తిరకాసు ఒకటుంది. మన దేశంలో 2000 ఫిబ్రవరి నుంచి సీసం కలిపిన పెట్రోలు ఆగిపోయింది. ఆ సీసం పాత ఇంజన్లలో వాల్వు సీటును కాపాడే పూతలా పనిచేసేది. అది లేకపోతే, గట్టి సీట్లు వేయించని హెడ్డులో, ముఖ్యంగా ఎక్కువ వేగంతో తిప్పినప్పుడు ఎగ్జాస్టు వాల్వు క్రమంగా లోపలికి దిగబడుతుంది, సందు తగ్గిపోతుంది, టాపెట్లు నిశ్శబ్దమవుతాయి. యజమాని సంతోషిస్తాడు, వాల్వు పూర్తిగా మూసుకోక కాలిపోతుంది. ఈ ఇంజనులో కాస్త టకటక మంచిదే.

కిందనుంచి వచ్చే బరువైన దెబ్బను తేలిగ్గా తీసుకోకూడదు. చిన్నగా రేసు ఇస్తూ, పిడికి రబ్బరు ఉన్న పట్టకారుతో ప్లగ్గు వైర్లను ఒక్కొక్కటే క్షణంపాటు పీకి చూస్తారు. ఒక సిలిండరు వైరు తీయగానే దెబ్బ తగ్గితే దాని బిగ్ ఎండ్ బేరింగు వదులైంది. ఏది తీసినా పెద్దగా మారకుండా, బరువు లాగేటప్పుడు లోతుగా దుడుదుడుమంటూ ఆయిల్ ప్రెషరు కూడా పడిపోతుంటే మెయిన్ బేరింగులు. ఈ ఇంజనులో అవి మూడే. అప్పుడు బండిని ఇంటికి కూడా నడపకుండా లాగించుకుపోవడమే చవక.

బరువు మీద పరీక్షించడానికి కోనసీమలో కొండలు లేవు. రాజమండ్రిలో రోడ్డు కం రైలు వంతెన పై అంతస్తుకు చేరే ఎత్తుదారి ఆ పని చేసిపెడుతుంది. అక్కడ టాప్ గేరులో డబ్బాలో గులకరాళ్ళు కదిలినట్టు వినిపిస్తే అది బేరింగు కాదు. స్పార్కు ముందే పడుతోంది, లేదా హెడ్డులో మసి పేరుకుంది. వంతెన మీద పక్క గోడలు చప్పుడును తిప్పికొడతాయి కాబట్టి కారు లోపలికి వినపడనివీ వినిపిస్తాయి. యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంజను ముందువైపు గరగరలాడితే టైమింగ్ చైను సాగింది.

ఇంజను విప్పే ముందు రెండు చిన్న పరీక్షలు చేస్తే చాలాసార్లు ఖర్చు తప్పుతుంది. ఫ్యాన్ బెల్టు తీసేసి అర నిమిషం నడిపితే చప్పుడు పోయిందంటే డైనమో, వాటర్ పంపు బేరింగుల్లో ఒకటి దోషి. క్లచ్ తొక్కగానే చప్పుడు మారితే క్లచ్ బేరింగు, క్రాంక్‌షాఫ్టు ముందువెనకల ఆట చూడాలి. ఇక ఎగ్జాస్టు మానిఫోల్డు గాస్కెట్ కారినా అచ్చం టాపెట్టులాగే టిక్కుమంటుంది. చల్లటి ఇంజను స్టార్టు చేసిన వెంటనే అతుకు దగ్గర చెయ్యి పెడితే పొగ ఊపిరిలా తగులుతుంది.