తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుస్తున్నాయా..? పైపు ధారతో చెరువుకు ప్రాణవాయువు ఎలా అందుతుందో తెలుసా!

భీమవరం, కైకలూరు వైపు చేపల చెరువుల గట్ల మీద తెల్లవారుజామున ఓ సీన్ కనిపిస్తుంటుంది. మోటారు ఆన్ చేసి, చెరువు నీళ్లనే తోడి మళ్లీ అదే చెరువులో పైనుంచి పోస్తుంటారు. చూసేవాళ్లకు వృథా పనిలా అనిపిస్తుంది. కానీ ఆ ధారే ఒక్కోసారి మొత్తం పంటను కాపాడుతుంది. అదెలాగో చూద్దాం.

రాత్రి పూట ఏం జరుగుతుంది?

పగలు ఎండలో నీటిలోని నాచు ఆక్సిజన్ తయారు చేస్తుంది. చీకటి పడితే ఆ పని ఆగిపోతుంది. పైగా చేపలు, నాచు, అడుగున కుళ్లే వ్యర్థాలు.. అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్‌ను వాడేస్తాయి. అందుకే తెల్లారేముందు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ముందురోజు మబ్బు పట్టి ఉంటే ముప్పు ఇంకా ఎక్కువ. లీటరు నీటిలో 5 మిల్లీగ్రాములు ఉంటే చేపలకు ఇబ్బంది లేదు. 3 కంటే తగ్గితే కష్టమే. అప్పుడే పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

పైన అంత గాలి ఉంది కదా?

ఉంది. లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 30 డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో గాలి నుంచి కరిగేది మాత్రం గరిష్ఠంగా 7.5 మిల్లీగ్రాములే. అది కూడా నిలవ నీటిలో పైపొర దాటి కిందకు దిగడం చాలా నెమ్మది. నీరు కదలకపోతే కింద ఉన్న చేపకు అందదు.

ధార చేసే మ్యాజిక్ ఇదే

వేగంగా పడే ధార తన చుట్టూ ఉన్న గాలిని కూడా లాక్కుని నీటిలోకి దూసుకెళ్తుంది. ఆ గాలి చిన్న చిన్న బుడగలుగా విడిపోతుంది. అసలు కిటుకు ఇక్కడే ఉంది. లీటరు గాలి ఒకే పెద్ద బుడగగా ఉంటే నీటిని తాకే భాగం ఓ ఏ4 కాగితం కంటే తక్కువ. అదే గాలి 2 మిల్లీమీటర్ల బుడగలైతే..? ఏకంగా 3 చదరపు మీటర్లు! తాకే చోటు పెరిగితే ఆక్సిజన్ కూడా త్వరగా కరుగుతుంది. దాంతోపాటు ధార నీటిని కలియబెట్టి, ఆక్సిజన్ ఉన్న నీటిని చుట్టుపక్కలకు పంపుతుంది.

ఈ తప్పులు చేయొద్దు

* పైపు మూతి నీటిలో మునిగి ఉంటే ధారకు గాలి దొరకదు. నీరు కలుస్తుందే తప్ప బుడగలు రావు. మూతి నీటికి కాస్త పైనే ఉండాలి.
* మరీ ఎత్తు నుంచి పోస్తే ధార తుంపర్లుగా చెదిరిపోతుంది. బుడగలు లోతుకు వెళ్లవు.
* అడుగున బురద దగ్గర నుంచి నీళ్లు తోడొద్దు. బురద కదిలితే ఉన్న ఆక్సిజన్ కూడా ఖర్చవుతుంది, విష వాయువులు బయటకొస్తాయి.
* బోరు నీళ్లలో సాధారణంగా ఆక్సిజన్ తక్కువ. వాటిని కూడా పైనుంచి పడేలానే వదలాలి.

ఒక్క పైపుతో ఎకరాల చెరువు మొత్తానికి ఆక్సిజన్ అందదు. ధార పడే చోట చేపలు గుమిగూడి ఊపిరి పీల్చుకుంటాయంతే. పెద్ద చెరువులకు ఏరియేటర్లు తప్పనిసరి. కానీ అర్ధరాత్రి ఏరియేటర్ మొరాయిస్తే..? డీజిల్ ఇంజన్, ఓ పైపు రెడీగా ఉంటే తెల్లారేదాకా చేపలను నిలబెట్టొచ్చు. ఎండ వచ్చాక నాచు మళ్లీ తన డ్యూటీ ఎక్కుతుంది.